అల్ట్రా మారథాన్‌కి తిండి ప్లాన్: గంటల లెక్కన నేను ఎలా వేసుకుంటాను

మారథాన్ వరకూ తిండి విషయంలో కాస్త అటూ ఇటూ అయినా నెట్టుకురావచ్చు. ముందు రెండు రోజులు బాగా తిని, దారిలో నాలుగైదు జెల్స్ (చిన్న కవర్లలో వచ్చే చిక్కటి తీపి పాకం) తీసుకుంటే 42 కి.మీ. గడిచిపోతుంది. అల్ట్రా అంటే మారథాన్ కన్నా పొడవైన పరుగు. 50 కి.మీ. దాటాక, పరుగు పది గంటలో, పదిహేను గంటలో, ఒక రాత్రంతానో సాగేటప్పుడు ఆ ధీమా పనిచేయదు. అంత దూరంలో చాలామందిని ముందు ఆపేది కాళ్ళు కాదు, కడుపు. తిన్నది కిందికి దిగదు. వికారం మొదలవుతుంది. వాంతి అవుతుందేమోనని తినడం మానేస్తారు. రెండు గంటలు తినకపోయేసరికి నడవడం కూడా భారమవుతుంది. అందుకని నేను ప్లాన్ వేసేటప్పుడు ఒంటికి ఎంత శక్తి కావాలో ఒక్కసారి లెక్కగట్టి పక్కన పెడతాను. మిగతా ప్లాన్ అంతా ఈ కడుపు గంటకి ఎంత తీసుకోగలదు అన్నదాని మీదే నడుస్తుంది.

ముందు ఖర్చు లెక్క

చదును దారిలో పరుగెత్తితే కిలో బరువుకి కిలోమీటరుకి సుమారు 1 కేలరీ ఖర్చవుతుంది. 60 కిలోల మనిషి 100 కి.మీ. పరుగెత్తితే 6,000 కేలరీలు. కొండలుంటే ఇంకా ఎక్కువ. ఒంట్లో నిల్వ ఉండే గ్లైకోజెన్ (కార్బోహైడ్రేట్ల నిల్వ రూపం) కండరాల్లో 400 నుంచి 500 గ్రాములు, కాలేయంలో 100 గ్రాముల దాకా ఉంటుంది. గ్రాముకి 4 కేలరీల చొప్పున మొత్తం 2,000 నుంచి 2,400. కొవ్వుకి మాత్రం కొదవ లేదు. 60 కిలోల మనిషిలో 12 శాతం కొవ్వు ఉన్నా 50 వేల కేలరీలకు పైనే. కానీ కొవ్వు నెమ్మదిగా కరుగుతుంది. వేగం పెరిగేకొద్దీ, ఎత్తు ఎక్కేకొద్దీ శరీరం కార్బోహైడ్రేట్ల మీదే ఎక్కువ ఆధారపడుతుంది. పైగా రక్తంలో చక్కెరని నిలబెట్టేది కాలేయంలో ఉన్న ఆ కాస్త నిల్వే. అది తరిగితే దెబ్బ మొదట తలకి తగులుతుంది. చిరాకు, నిరుత్సాహం, చిన్న లెక్క కూడా వేయలేకపోవడం, ఎండలోనూ చలిగా అనిపించడం కనిపిస్తాయి. పరుగు మధ్యలో "ఇదంతా ఎందుకు, ఆపేద్దాం" అనిపిస్తే నేను ముందుగా చూసేది చివరిసారి ఎప్పుడు తిన్నానన్నదే.

ఖర్చయినదంతా దారిలో తిని పూడ్చడం కుదరదు, అవసరమూ లేదు. 15 గంటల పరుగులో గంటకి 60 గ్రాముల కార్బ్స్ (కార్బోహైడ్రేట్లు) తీసుకుంటే మొత్తం 900 గ్రాములు, అంటే 3,600 కేలరీలు. మిగతాది నిల్వ ఉన్న గ్లైకోజెన్, కొవ్వు చూసుకుంటాయి. ప్లాన్‌లో నేను కేలరీల మొత్తం రాసుకోను, గంటకి ఎన్ని గ్రాముల కార్బ్స్ అన్నది మాత్రమే రాసుకుంటాను. నూనె ఓడే తిండి 300 కేలరీలు తిన్నా అది ఆ గంటలో అక్కరకు రాదు.

గంటకి ఎన్ని గ్రాములు

గ్లూకోజ్ పేగుల గోడ దాటడానికి ఒక దారి ఉంది. ఆ దారి గంటకి 60 గ్రాముల దగ్గర నిండిపోతుంది. పండ్లలో ఉండే చక్కెర ఫ్రక్టోజ్‌ది వేరే దారి. రెండూ కలిపి తీసుకుంటే గంటకి 90 గ్రాముల దాకా లోపలికి వెళ్తుంది. బాగా అలవాటుపడిన ఎలైట్ రన్నర్లు 120 దాకా కూడా తీసుకుంటున్నారు. మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థపు పొడి లోపలికి వెళ్ళాక గ్లూకోజే అవుతుంది కాబట్టి దాన్నీ గ్లూకోజ్ లెక్కలోనే వేయాలి. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ 2:1 పాళ్ళలో ఉండటం చాలాకాలంగా వాడుకలో ఉన్న లెక్క. ఈ మధ్య 1:0.8 పాళ్ళ జెల్స్ కూడా వస్తున్నాయి.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ఈ పరిమితికి శరీర బరువుతో పెద్దగా సంబంధం లేదు. 50 కిలోల అమ్మాయి, 80 కిలోల అబ్బాయి ఒకే రకంగా సాధన చేస్తే ఇద్దరి పేగులూ దాదాపు అంతే తీసుకోగలవు. అందుకే ఈ లెక్కని కిలోకి ఇన్ని గ్రాములని కట్టకూడదు.

2019లో ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ స్పోర్ట్స్ న్యూట్రిషన్ అల్ట్రాల కోసం విడుదల చేసిన పత్రంలో గంటకి 150 నుంచి 400 కేలరీలు, అందులో 30 నుంచి 50 గ్రాముల కార్బ్స్, 5 నుంచి 10 గ్రాముల ప్రొటీన్ అని సూచించారు. కడుపుకి సాధన లేనివాళ్ళకి ఇది భద్రమైన అంకె. ఆరేడు గంటల 50 కి.మీ. పరుగుకి, సాధన చేసి ఉంటే, 60 నుంచి 80 గ్రాములు పెట్టుకోవచ్చన్నది నా అభిప్రాయం. 100 కి.మీ.కి 50 నుంచి 70. 100 మైళ్ళకి 45 నుంచి 60 చాలు. వేగం తగ్గేకొద్దీ ఖర్చు కూడా తగ్గుతుంది, విసుగు పెరుగుతుంది, కాబట్టి చివరి గంటల్లో తక్కువ అంకె నిలబెట్టుకోవడమే మేలు. మొదటి గంటల్లో 90 గ్రాములు తిని ఏడో గంట నుంచి సున్నాకి పడిపోయే ప్లాన్ కన్నా, మొదటి నుంచి చివరిదాకా 50 గ్రాములు నిలిచే ప్లాన్ ఎన్నో రెట్లు నయం.

నీళ్ళలో కలిపి తాగే డ్రింక్ పొడిని సొంతంగా కలుపుకోవాలంటే కష్టమేమీ కాదు. మామూలు పంచదారలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ సగం సగం ఉంటాయి. కాబట్టి రెండు పాళ్ళ పంచదారకి ఒక పాలు మాల్టోడెక్స్‌ట్రిన్ కలిపితే 2:1 వచ్చేస్తుంది. 500 మి.లీ. బాటిల్‌కి 27 గ్రాముల పంచదార, 13 గ్రాముల మాల్టోడెక్స్‌ట్రిన్, 1 గ్రాము ఉప్పు వేస్తే 40 గ్రాముల కార్బ్స్, 390 మి.గ్రా. సోడియం ఉంటాయి. చెంచాతో కాకుండా చిన్న డిజిటల్ త్రాసుతో తూచాలి. ఉప్పు అర గ్రాము తేడా వచ్చినా రుచి మారిపోతుంది, లెక్కా మారిపోతుంది.

500 మి.లీ.కి 40 గ్రాములంటే 8 శాతం. అంతకన్నా చిక్కనైతే కడుపు ఖాళీ కావడం నెమ్మదిస్తుంది. జెల్ తిన్నాక పక్కనే ఉన్న తీపి డ్రింక్ తాగడం అతి మామూలు తప్పు. 25 గ్రాముల జెల్ మీద 8 శాతం డ్రింక్ పోస్తే కడుపులో ఉన్నది పాకమే. ఆ పాకాన్ని పలచన చేయడానికి ఒళ్ళే పేగుల్లోకి నీళ్ళు లాగుతుంది. దాంతో కడుపు ఉబ్బుతుంది, ఒక్కోసారి విరేచనాలు కూడా అవుతాయి. జెల్ తిన్న పది నిమిషాల్లో 200 నుంచి 250 మి.లీ. మంచినీళ్ళు తాగాలి. అందుకే నా రెండు బాటిల్స్‌లో ఒకటి ఎప్పుడూ ఉత్త నీళ్ళే.

చెమట పరీక్ష, నీళ్ళు, ఉప్పు

రేసు జరిగే వేళకి, ఎండకి దగ్గరగా ఉండే రోజు చూసి గంటసేపు రేసు వేగంతోనే పరుగెత్తాలి. బయల్దేరేముందు మూత్రానికి వెళ్ళి, బట్టలు లేకుండా బరువు చూసుకోవాలి. దారిలో తాగే నీళ్ళు కొలిచి పెట్టుకోవాలి. వచ్చాక చెమట తుడుచుకుని మళ్ళీ బట్టలు లేకుండానే తూచుకోవాలి. ముందు 60.0, తర్వాత 59.3, మధ్యలో తాగింది 400 మి.లీ. అయితే చెమట గంటకి 1.1 లీటర్లు. మధ్యలో మూత్రానికి వెళ్తే దాన్ని తీసివేయాలి. చల్లని రోజు ఒకసారి, వేడి రోజు ఒకసారి చేస్తే రెండు అంకెలు చేతిలో ఉంటాయి.

ఈ 1.1 లీటర్లు పోయేవి, తాగాల్సినవి కావు. ఈ రెండిటినీ ఒకటిగా చూడటం అల్ట్రాల్లో ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు. పరుగులో గ్లైకోజెన్ కరుగుతుంది, దాన్ని అంటిపెట్టుకుని ఉన్న నీరు విడుదలవుతుంది, కొవ్వు కరుగుతుంది. ఇవన్నీ బరువు తగ్గిస్తాయి. కాబట్టి చివరికి 2, 3 శాతం బరువు తగ్గడం సహజం. బరువు పెరిగితే మాత్రం భయపడాలి. అవసరానికి మించి తాగిన నీళ్ళు రక్తంలో సోడియాన్ని పలచన చేస్తాయి. లీటరుకి 135 మిల్లీమోల్స్ కన్నా కిందికి దిగితే దాన్ని హైపోనాట్రీమియా అంటారు. దీర్ఘ శ్రమలో ఒంట్లోని హార్మోన్లు మూత్రాన్ని తగ్గించేస్తాయి కాబట్టి ఎక్కువైన నీరు బయటికి పోయే దారి కూడా ఉండదు. వేళ్ళు ఉబ్బి ఉంగరం, వాచీ పట్టీ బిగుతు కావడం, వికారం, తలనొప్పి, తికమక, ముదిరితే ఫిట్స్. ఈ లక్షణాల్లో కొన్ని డీహైడ్రేషన్‌లోనూ కనిపిస్తాయి. అలా పొరబడి మరిన్ని నీళ్ళు తాగిస్తే ప్రమాదం రెట్టింపవుతుంది. అమెరికాలోని వెస్టర్న్ స్టేట్స్ 100 మైళ్ళ పరుగులో ఒకప్పుడు దారిలో రన్నర్ల బరువు తూచేవారు. బరువు పడిపోవడమే కాదు, పెరగడం కూడా హెచ్చరికే. 2015లో ఈ సమస్య మీద కుదిరిన అంతర్జాతీయ ఏకాభిప్రాయం చెప్పింది కూడా ఒక్కటే: దాహాన్ని బట్టి తాగండి.

నేను కాగితం మీద గంటకి 450 నుంచి 750 మి.లీ. మధ్య ఒక అంకె రాసుకుంటాను. అది దారిలో ఎన్ని నీళ్ళు మోయాలో తెలియడానికి మాత్రమే. ఎంత తాగాలో దాహమే చెప్తుంది.

సోడియం లీటరుకి 500 నుంచి 800 మి.గ్రా. దగ్గర మొదలుపెడతాను. చెమటలో పోయే ఉప్పు మనిషిని బట్టి చాలా మారుతుంది. కొందరికి లీటరుకి 300 మి.గ్రా. అయితే కొందరికి 1,500 దాటుతుంది. టోపీ మీద తెల్లటి చారలు గట్టిగా పడటం, చెమట కళ్ళలో పడితే భగ్గున మండటం ఎక్కువ ఉప్పు పోతుందనడానికి గుర్తులు. ఉప్పు క్యాప్సూల్ కొనేటప్పుడు లేబుల్ మీద రాసింది ఉప్పా, సోడియమా అని చూడాలి. 1 గ్రాము ఉప్పులో సోడియం 390 మి.గ్రా. మాత్రమే. ఈ రెండిటినీ కలిపేస్తే లెక్క రెండున్నర రెట్లు తప్పుతుంది. ఇంకో మాట, ఉప్పు తిన్నంత మాత్రాన అతిగా తాగిన నీళ్ళ ప్రమాదం పోదు. కండరాలు పట్టేయడం కూడా ఉప్పు ఒక్కదానితో తీరేది కాదు. అలసిన కండరమే అందులో పెద్ద కారణం.

కడుపుకి సాధన

పేగులకి కూడా సాధన ఉంటుంది. తరచుగా కార్బ్స్ అందితే వాటిని లోపలికి పంపే శక్తి పెరుగుతుంది, కడుపు ఖాళీ అయ్యే వేగమూ మెరుగుపడుతుంది. రేసుకి ఎనిమిది నుంచి పది వారాల ముందు మొదలుపెట్టడం మంచిది. వారంలో ఒకటి రెండు పొడవాటి పరుగుల్లో గంటకి 30 గ్రాములతో మొదలుపెట్టి, కడుపు ఒప్పుకుంటే రెండు వారాలకి ఒకసారి 10 గ్రాములు పెంచుతాను. కడుపు మొరాయిస్తే ఒక మెట్టు దిగి ఇంకో రెండు వారాలు అక్కడే. లక్ష్యం 60 అయితే సాధనలో 70 దాకా ఒకటి రెండుసార్లు వెళ్ళి చూస్తాను. రేసు రోజు ఎండ, ఆందోళన కడుపు శక్తిని కొంత తినేస్తాయి కాబట్టి ఆ పైన పది గ్రాములు చేతిలో ఉండాలి.

సాధన చెడిపోయే చోటు చెప్తాను. చల్లని తెల్లవారుజామున చదును రోడ్డు మీద మూడు గంటలు పరుగెత్తి, ఆరు జెల్స్ తిని, అంతా బాగుందనుకుంటారు. రేసు మాత్రం కొండలో, మధ్యాహ్నం ఎండలో, ఎనిమిదో గంటలో పరీక్ష పెడుతుంది. ఎనిమిదో గంటని సాధనలో తేలేం. కానీ దగ్గరికి పోవచ్చు. శనివారం నాలుగు గంటలు, ఆదివారం మూడు గంటలు పరుగెత్తి రెండో రోజు తిండిని పరీక్షించాలి. అప్పుడు తీపి ఎంత తొందరగా మొహం మొత్తుతుందో తెలుస్తుంది. బాగా భోంచేసి గంటన్నర తర్వాత కొండ ఎక్కడం ఇంకో మంచి సాధన. రాత్రి సాగే రేసైతే ఒకటి రెండు పరుగులు రాత్రి కూడా చేయాలి. రాత్రి రెండింటికి కడుపు పగటిలా ఉండదు.

రాసుకోవడం తప్పనిసరి. ఏం తిన్నారు, ఎన్ని గ్రాములు, ఎన్ని నీళ్ళు, ఎండ ఎంత, కడుపు ఎలా ఉంది. ఐదు గడులు చాలు. నెలన్నర తర్వాత ఆ పేజీలే మీ అసలు ప్లాన్.

ఏం తినాలి

నేను వాడే అంకెలు ఇవి: జెల్ ఒకటి 20 నుంచి 30 గ్రాములు (లేబుల్ చూడాలి), అరటిపండు మధ్యరకం 25, ఉడికించిన బంగాళాదుంప 100 గ్రాములకి 20, వండిన తెల్లన్నం 100 గ్రాములకి 28, బ్రెడ్ ముక్క 12 నుంచి 15, పెద్ద ఖర్జూరం 16 నుంచి 18, కోలా 100 మి.లీ.కి 10 నుంచి 11.

మొదటి నాలుగైదు గంటలు జెల్, డ్రింక్. తర్వాత నడిచే ఎత్తుల దగ్గర ఘనాహారం. ఉప్పద్దిన బంగాళాదుంప, మెత్తగా వండిన అన్నం ముద్ద, బ్రెడ్ లాంటివి తీపితో విసిగిన నోటికి పెద్ద ఊరట. పీచు, కొవ్వు కడుపుని నెమ్మదింపజేస్తాయి కాబట్టి గింజలు, చీజ్ లాంటివి 100 మైళ్ళ నడక వేగానికి తప్ప పనికిరావు. ఎనిమిది గంటలు దాటే పరుగుల్లో గంటకి 5 నుంచి 10 గ్రాముల ప్రొటీన్ ఆకలి మంటని తగ్గిస్తుంది. ప్లాన్‌లో సగం తీపి, పావు ఉప్పు, పావు రుచి లేని తిండి ఉండేలా చూస్తాను. పుల్లటి రుచి కూడా ఒకటి ఉండాలి. నాలుక ఎండిపోయినప్పుడు పులుపే నోట్లో నీళ్ళూరిస్తుంది.

కాగితం మీద ప్లాన్

ఎయిడ్ స్టేషన్ల (దారిలో నీళ్ళు, తిండి దొరికే చోట్ల) మధ్య దూరాన్ని కిలోమీటర్లలో కాకుండా గంటల్లో రాసుకోవాలి. 12 కి.మీ., 800 మీటర్ల ఎత్తు ఉన్న ముక్క మీకు రెండుంబావు గంటలు పడుతుందనుకుందాం. గంటకి 60 గ్రాములంటే 135 గ్రాములు, గంటకి అర లీటరంటే 1.1 లీటర్లు. ఒక బాటిల్ డ్రింక్ (40 గ్రా.), ఒక బాటిల్ నీళ్ళు, మూడు జెల్స్ (75 గ్రా.), ఒక ఖర్జూరం (18 గ్రా.). మొత్తం 133. తక్కువపడే నీళ్ళు స్టేషన్లో కదిలేముందే తాగేయాలి. ప్రతి ముక్కకీ ఇలా వేసి, ఆ ముక్కకి కావలసినవి ఒక జిప్ కవర్లో పెట్టి, మీద స్టేషన్ పేరు రాస్తాను. అలసిపోయిన తలతో స్టేషన్లో ఎంచుకునే పని పెట్టుకోకూడదు. దారిలోని స్టేషన్‌కి ముందే పంపి ఉంచే డ్రాప్ బ్యాగులో ఆ కవర్‌తో పాటు ప్లాన్‌లో లేని వేరే రుచి తిండి రెండు రకాలు వేస్తాను. పొడిని ఒక్కో బాటిల్‌కి సరిపడా విడివిడి పొట్లాలు కడతాను.

వాచీలో 20 నిమిషాలకోసారి అలారం. మోగినప్పుడల్లా 20 గ్రాములు. మొదటిది ఆకలి లేకపోయినా 30 నిమిషాల లోపే. ఖాళీ కవర్లన్నీ ఒకే జేబులో వేసుకుంటే స్టేషన్లో లెక్కపెట్టుకోవచ్చు. నోటి లెక్క తిన్నదానికన్నా ఎక్కువే చెప్తుంది, కవర్లు ఉన్నదున్నట్టు చెప్తాయి.

క్రూ (దారిలో మీకు సాయం చేసే మనుషులు) ఉంటే వాళ్ళకి ఒక మాట ముందే చెప్పాలి. "ఏం కావాలి?" అని అడగొద్దు. అలసినవాడు "ఏమొద్దు" అనే అంటాడు. "సూప్ ఇదిగో, అన్నం ఇదిగో, ఏది ముందు?" అనాలి.

కెఫీన్‌ని రాత్రికి దాచుకుంటాను. కిలోకి 3 మి.గ్రా. అంటే 60 కిలోలకి 180. దాన్ని ఒకేసారి కాకుండా 50 నుంచి 100 మి.గ్రా. చొప్పున రెండు మూడు గంటలకోసారి. రక్తంలో సగానికి తగ్గడానికి దానికి సుమారు ఐదు గంటలు పడుతుంది కాబట్టి వరసగా వేస్తే పోగుపడుతుంది, గుండె దడ, విరేచనాలు మొదలవుతాయి. రోజంతటికీ 400 మి.గ్రా. దాటనివ్వను. జెల్స్‌లో, కోలాలో ఉన్నది కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

చివరి రెండు రోజులు

36 నుంచి 48 గంటల పాటు రోజుకి కిలోకి 8 నుంచి 12 గ్రాముల కార్బ్స్. 60 కిలోలకి 10 చొప్పున 600 గ్రాములు. ఇది తిండి పరిమాణం పెంచడం కాదు, కంచంలో కొవ్వు, పీచు తగ్గించి ఆ చోటు కార్బ్స్‌కి ఇవ్వడం. కూరగాయలు, పప్పులు, ముడి ధాన్యాలు ఈ రెండు రోజులు పక్కన. తాగే కార్బ్స్ పనిని తేలిక చేస్తాయి. బరువు కిలో, కిలోన్నర పెరుగుతుంది. గ్రాము గ్లైకోజెన్ మూడు గ్రాముల నీటితో కలిసి నిల్వ ఉంటుంది కాబట్టి అది కొవ్వు కాదు, సామగ్రి. రేసు ఉదయం మూడు గంటల ముందు కిలోకి 2 గ్రాములు. తెల్లవారుజామున మొదలయ్యే రేసైతే రెండు గంటల ముందు 60 నుంచి 80 గ్రాములతో సరిపెట్టుకోవాలి. ఆ రోజు కొత్త తిండి ఏదీ వద్దు, ఎవరు ఎంత ప్రేమగా ఇచ్చినా.

కడుపు తిరగబడితే

పరుగు వేగం పెరిగేకొద్దీ రక్తం కాళ్ళకీ చర్మానికీ మళ్ళుతుంది, పేగులకి బాగా తగ్గిపోతుంది. ఎండ దీన్ని ఇంకా పెంచుతుంది. అందుకే వికారం ఏ కారణంతో వచ్చినా మొదటి మందు నడక. పది నిమిషాలు నడిచి, మెడ మీద, తల మీద నీళ్ళు పోసుకుని, నీడ ఉంటే నీడలో సాగాలి. చాలాసార్లు ఇక్కడే సర్దుకుంటుంది.

సర్దుకోకపోతే కారణం వెతకాలి. కడుపులో నీళ్ళు గలగలమంటుంటే లోపలికి పోయింది కిందికి దిగడం లేదు. 15 నుంచి 20 నిమిషాలు ఏదీ తీసుకోవద్దు. దాహంగా ఉండి, నోరు ఎండి, జెల్స్ మీద జెల్స్ తిని ఉంటే లోపల ఉన్నది మరీ చిక్కన. ఉత్త నీళ్ళు గుటక గుటకగా తాగాలి. దాహమే లేదు, వేళ్ళు ఉబ్బాయి, మూత్రం తెల్లగా వస్తోంది, పుష్కలంగా తాగారు అంటే నీళ్ళు ఆపాలి, ఉప్పగా ఉన్నది ఏదైనా నమలాలి, తల తిరిగినా తికమకపడినా వెంటనే వైద్య బృందం దగ్గరికి వెళ్ళాలి. ఇవేవీ కాకుండా గంటకి పైగా ఏమీ తినకపోతే వికారం చక్కెర పడిపోవడం వల్లే కావచ్చు. అప్పుడు తినకపోవడం పొరపాటు. ఒక్క గుక్క కోలా, లేదా చప్పరించే చక్కెర బిళ్ళ. ఈ చివరి రకాన్ని చాలామంది గుర్తుపట్టరు. వికారమనగానే తిండి మానేసి దాన్ని ఇంకా ముదరబెడతారు.

వాంతి అయితే రేసు అయిపోయిందని కాదు. చాలాసార్లు అదే విడుదల. నోరు కడుక్కుని పది నిమిషాలు నడవాలి. తర్వాత 50 మి.లీ. నీళ్ళు. నిలిస్తే పది నిమిషాలకి గ్యాస్ పోయిన కోలా లేదా వేడి సూప్ రెండు గుక్కలు. అదీ నిలిస్తే పది నిమిషాలకి 10 గ్రాముల చొప్పున మళ్ళీ మెట్లెక్కాలి. అల్లం కొందరికి బాగా పనిచేస్తుంది. పోయిన గంట తాలూకు గ్రాములని ఈ గంటలో కలిపి తినే ప్రయత్నం ఎప్పుడూ చేయకూడదు. పోయింది పోయినట్టే రాసేసుకుని ఈ గంట లెక్క ఈ గంటకే చూడాలి.

ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు పరుగులో వద్దని గట్టిగా చెప్తాను. అవి కడుపు పొరని దెబ్బతీస్తాయి, ఇప్పటికే ఒత్తిడిలో ఉన్న మూత్రపిండాలకి రక్తం తగ్గిస్తాయి, సోడియం పడిపోయే ప్రమాదాన్నీ పెంచుతాయి. వాంతిలో రక్తం, కోలా రంగు మూత్రం, ఏమీ నిలవకుండా గంటల తరబడి వాంతులు కనిపిస్తే పరుగు ఆపి డాక్టర్‌కి చూపించుకోవాలి.

చలిలో లెక్క వేరు. దాహం తెలియదు, జెల్ గట్టిపడి కవర్లోంచి రాదు, బాటిల్ గొట్టం గడ్డకడుతుంది. జెల్స్‌ని లోపలి జేబులో ఒంటికి ఆనించి ఉంచుకోవాలి, గొట్టంలో నీటిని తాగాక వెనక్కి ఊదాలి. తీపి నోట్లో గంటల తరబడి నిలిస్తే పళ్ళు, నాలుక పాడవుతాయి, కాబట్టి గంటకోసారి ఉత్త నీళ్ళతో పుక్కిలించడం మంచిది.

ముగిశాక

గీత దాటగానే లీటర్ల కొద్దీ నీళ్ళు తాగొద్దు. సోడియం పడిపోవడం రేసు తర్వాత గంటల్లో కూడా రావచ్చు. ఉప్పున్న తిండితో పాటు దాహం మేరకు తాగాలి. 20 నుంచి 30 గ్రాముల ప్రొటీన్, కడుపు ఒప్పుకున్నంత కార్బ్స్. రోజుల తరబడి సాగే స్టేజ్ రేసైతే మాత్రం మొదటి నాలుగు గంటలు గంటకి కిలోకి 1 నుంచి 1.2 గ్రాముల కార్బ్స్ పట్టుబట్టి తినాలి, లేదంటే మర్నాటి పరుగుకి నిల్వ నిండదు.

మర్నాడే, జ్ఞాపకం పచ్చిగా ఉండగానే, ఖాళీ కవర్లు లెక్కపెట్టి ప్లాన్ కాగితం పక్కన అసలు అంకెలు రాస్తాను. ఏ గంటలో ఎంత తక్కువ తిన్నాను, అప్పుడు ఎండ ఎంత, అంతకు ముందు గంటలో వేగం ఎంత, ఏ రుచి ఎప్పుడు వెగటు పుట్టింది. ప్లాన్ 60 అయి అసలు 42 వచ్చి ఉంటే తర్వాతి సాధన 40తో మొదలవుతుంది. మొదటి మార్పు జెల్ బ్రాండులో కాదు, తిండి పడిపోయిన గంటకి ముందు గంటలోని వేగంలో చేస్తాను.